గడ్డి ఒప్పుకుంటేనే ఆట

ఆటల ఉత్తరాలు: పాఠకుల ప్రశ్నలకు తిరుపతి నుంచి ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుని జవాబులు

2025 వింబుల్డన్ ముగిసిన పక్షం రోజుల్లోపే ఈ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో సగానికి పైగా గడ్డి కోర్టుల గురించే. ముప్పై ఏళ్లు పగలు వృక్షశాస్త్రం చెప్పాను, సాయంత్రాలు టెన్నిస్ కోర్టులో గడిపాను. ఆ రెండూ కలిసే చోటు గడ్డి కోర్టు ఒక్కటే. అందుకే ఈ సంచిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. క్రికెట్ గురించి అడిగినవారు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: ఫ్రెంచ్ ఓపెన్ అయిన మూడు వారాలకే వింబుల్డన్ మొదలవుతుంది. మట్టి కోర్టు నుంచి గడ్డి మీదికి మారడానికి అంత తక్కువ గడువు ఎందుకు? ఒక నెల ఇస్తే ఏమవుతుంది మాస్టారూ? – డిగ్రీ విద్యార్థి, భవానీ నగర్, తిరుపతి

నాయనా, ఆ మూడు వారాలు కూడా ఈమధ్య వచ్చినవే. 2014 వరకు మధ్యలో ఉన్నది రెండు వారాలు. దాన్ని మూడు చేస్తామని వింబుల్డన్ వాళ్లు 2012లో ప్రకటించారు, 2015 నుంచి అమలు చేశారు. ఆ ఒక్క వారం వల్ల ఎన్ని మార్పులు వచ్చాయో చూడు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో అంతవరకు జూలైలో మట్టి మీద జరిగే టోర్నీ 2015లో జూన్‌కు జరిగి గడ్డి మీదికి వచ్చింది. ఆ మొదటి ఏడాది దాన్ని గెలిచింది మట్టి కోర్టుల రాజు నాదలే. లండన్‌లోని క్వీన్స్ క్లబ్, జర్మనీలోని హాలె టోర్నీలు అదే ఏడాది 250 స్థాయి నుంచి 500కు పెరిగాయి (ఈ అంకెలు విజేతకు దక్కే ర్యాంకింగ్ పాయింట్లు). తర్వాత మయోర్కా, బెర్లిన్, బాద్ హోంబుర్గ్ గడ్డి టోర్నీలు ఒక్కొక్కటే చేరాయి.

ఆ వారం ఆటగాళ్లకు ఎంత అవసరమో కాళ్లు చూస్తే తెలుస్తుంది. మట్టి మీద బంతి కోసం జారుతూ వెళ్లి ఆగుతారు. గడ్డి మీద అలా జారబోతే మోకాలు తిరిగిపోతుంది. అక్కడ పొట్టి పొట్టి అడుగులు వేస్తూ, మోకాళ్లు వంచి, బంతి లేవకముందే అందుకోవాలి. మట్టి మీద రెండు నెలలు ఆడిన శరీరానికి ఇదంతా మళ్లీ కొత్తగా నేర్పాలి.

అయినా ఒక విచిత్రం ఉంది. 1978 నుంచి ఒకే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ రెండూ గెలిచిన మగవారిని లెక్కపెట్టు. బోర్గ్ 1978, 79, 80లో వరసగా మూడుసార్లు గెలిచాడు. నాదల్ 2008, 2010లో, ఫెదరర్ 2009లో గెలిచారు. వీళ్లందరికీ దొరికింది రెండు వారాలే. 2021లో జొకోవిచ్ గెలిచినప్పుడు కూడా కొవిడ్ వల్ల ఫ్రెంచ్ ఓపెన్ వారం ఆలస్యమై, విరామం మళ్లీ రెండు వారాలకే కుదించుకుపోయింది. మూడు వారాల విరామం దొరికాక, 2025 వరకు చూస్తే, ఆ రెండూ గెలిచిన మగవాడు 2024లో అల్కరాజ్ ఒక్కడే. 2025లో అతను ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి, క్వీన్స్ గెలిచి, వింబుల్డన్ ఫైనల్లో సినర్ చేతిలో ఓడాడు. కాబట్టి ఆ వారం విజేతలను తయారు చేస్తుందని నేను అనను. దెబ్బలు తగలకుండా ఆటగాళ్లను కాపాడుతుందని మాత్రం అంటాను. అది చాలా పెద్ద సంగతి.

నెల ఎందుకివ్వరని అడిగావు. ఫ్రెంచ్ ఓపెన్‌ను ముందుకు జరపాలంటే మట్టి టోర్నీలు అడ్డం. మాడ్రిడ్, రోమ్ ఇప్పుడు ఒక్కొక్కటి పన్నెండు రోజులు నడుస్తున్నాయి. వింబుల్డన్‌ను వెనక్కి జరపాలంటే అమెరికా హార్డ్ (గట్టి నేల) కోర్టుల కాలం తరుముకొస్తుంది. వీటికన్నా పెద్ద కారణం గడ్డి. ఇంగ్లండ్‌లో నేల వేడెక్కి, గడ్డి ఒత్తుగా కమ్మి, ఆట దెబ్బలకు తట్టుకునేంత బలపడేసరికి మే చివరికి వస్తుంది. అంతకుముందు దాని మీద పరుగెత్తించడమంటే పొట్ట పోసుకోని వరిని కోసినట్టే. నా మటుకు మూడు వారాలు సరైన లెక్క. ఇంకో వారం కోరను.

ప్రశ్న: మా అమ్మాయి టెన్నిస్ చూస్తుంటే నేనూ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. 2025లో క్వీన్స్ క్లబ్‌లో ముందు వారం ఆడవాళ్లకు, మరుసటి వారం మగవాళ్లకు పెట్టారు. ఇద్దరికీ కలిపి ఎందుకు పెట్టరు? గడ్డి పాడవుతుందన్నది నిజమేనా, సాకా? – గృహిణి, చిత్తూరు

అమ్మా, మంచి ప్రశ్న. నిజమూ ఉంది, సాకూ ఉంది.

ముందు నిజం చెబుతాను. గడ్డి కోర్టు రోజురోజుకూ అరిగిపోయే వస్తువు. వింబుల్డన్‌లో వాడేది 2001 నుంచి పూర్తిగా పెరెన్నియల్ రై అనే గడ్డి. అంతకుముందు నూటికి డెబ్బై వంతులు రై, ముప్పై వంతులు ఫెస్క్యూ అనే సన్నగడ్డి ఉండేవి. రై గడ్డి గుబురుగా పెరుగుతుంది, మన గరికలా పాకదు. గరికను తొక్కితే పక్క కణుపు నుంచి వేరు పెట్టి ఖాళీని తానే పూడ్చుకుంటుంది. రై అలా చేయలేదు, పోయిన చోట మళ్లీ విత్తనం చల్లాల్సిందే. ఈసారి టీవీలో రెండో వారం మ్యాచ్ వస్తే బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గర చూడండి. సర్వీసు చేసేవారి కాలి బొటనవేలు ఈడ్చే చోట అరచేయంత బోడి మచ్చ, దాని చుట్టూ గోధుమరంగు ధూళి, ఆ వెనుక ఇంకా పచ్చగా మిగిలిన అంచు కనిపిస్తాయి. ఆ మచ్చ మీద పడిన బంతి ఒకలా లేస్తుంది, పక్కనే పచ్చిక మీద పడింది ఇంకొకలా లేస్తుంది. అలాంటి కోర్టులో మరుసటి వారం ఇంకో టోర్నీ అంటే ఆటగాళ్లు భయపడతారు. మగ ఆటగాళ్ల సంఘం ఏటీపీ ఆ భయాన్నే బయటపెట్టింది.

ఇక సాకు. వింబుల్డన్‌లో పద్దెనిమిది కోర్టుల మీదే మగవారు, ఆడవారు, జంటలు, మిశ్రమ జంటలు, పిల్లలు, చక్రాల కుర్చీ ఆటగాళ్లు అందరూ పద్నాలుగు రోజులు ఆడుతున్నారు. ఇంగ్లండ్ తీరంలోని ఈస్ట్‌బోర్న్‌లో, నెదర్లాండ్స్‌లోని సెర్టోగెన్‌బాస్‌లో ఇద్దరూ ఒకే వారం ఆడుతున్నారు. గడ్డి అక్కడ ఓర్చుకుంటున్నప్పుడు క్వీన్స్‌లో మాత్రం ఎందుకు ఓర్చుకోదు? కోర్టులు తక్కువ అన్నది ఒక జవాబు. యాభై రెండేళ్లు ఆడవాళ్లను పిలవాలన్న ఆలోచనే రాలేదన్నది ఇంకో జవాబు. అక్కడ చివరిసారి మహిళల టోర్నీ జరిగింది 1973లో, మళ్లీ జరిగింది 2025లోనే.

ఆ తిరిగి వచ్చిన టోర్నీని గెలిచిందెవరు? ముప్పై ఏడేళ్ల తాత్యానా మరియా. జర్మనీ క్రీడాకారిణి, ఇద్దరు బిడ్డల తల్లి. క్వాలిఫయింగ్ (అర్హత) మ్యాచ్‌లు ఆడి అసలు పోటీలోకి వచ్చింది. రెండు వైపులా బంతిని కోసి కొడుతుంది. కోత బంతి గడ్డి మీద లేవదు, జారిపోతుంది. ఫైనల్లో ఆమె చేతిలో ఓడిన అమాండా అనిసిమోవా నెల తిరగకుండానే వింబుల్డన్ ఫైనల్‌కు చేరింది. మరుసటి వారం మగవారి టోర్నీ అవే కోర్టుల మీద సజావుగా సాగింది. ఇక ఈ విషయంలో గడ్డి మీద నింద వేయడం కుదరదు.

ఒక బాధ కూడా చెప్పాలి. క్వీన్స్‌కు చోటివ్వడం కోసం బర్మింగ్‌హామ్ మహిళల టోర్నీ పెద్ద వరస నుంచి పోయింది. 1982 నుంచి నడిచిన టోర్నీ అది. ఈస్ట్‌బోర్న్ మహిళల టోర్నీ 500 నుంచి 250కి దిగింది. ఒక ఊరికి పండుగ రావాలంటే ఇంకో ఊరి పండుగ ఆగిపోవాలా అని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

ప్రశ్న: వింబుల్డన్, క్వీన్స్, హాలె, ఈస్ట్‌బోర్న్. వీటిలో ఏది మేలు? మీరు ఏదైనా స్వయంగా చూశారా? – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, శ్రీకాళహస్తి

రెండు చూశాను. 2016లో మా అమ్మాయి ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లో ఉండేది. ఆ జూన్‌లో నేనూ మా ఆవిడా వెళ్లాం.

మొదట ఈస్ట్‌బోర్న్. లండన్ నుంచి రైల్లో గంటన్నర ప్రయాణం. స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. డెవన్‌షైర్ పార్కులో కోర్టులకూ ప్రేక్షకులకూ మధ్య దూరమే లేదు. ఆటగత్తె బూటు కింద గడ్డి నలిగే చప్పుడు నాకు వినిపించింది. సముద్రం దగ్గర కాబట్టి గాలి ఊరికే ఉండదు. సర్వీసు కోసం బంతి పైకి విసిరి, అది పక్కకు పోతే కొట్టకుండా వదిలేయడం ఒక్క గేములో నాలుగుసార్లు చూశాను. మార్టినా నవ్రతిలోవా ఇక్కడ పదకొండుసార్లు గెలిచింది. ఆ గాలిలో పదకొండుసార్లు గెలవడమంటే ఏమిటో ఆ గాలిలో కూర్చుంటేనే తెలుస్తుంది.

తర్వాత వింబుల్డన్. తెల్లవారుజామున వరసలో నిలబడితే వరస సంఖ్య వేసిన కార్డు ఒకటి చేతికిస్తారు. దాన్ని మా ఆవిడ ఇప్పటికీ దేవుడి గదిలో ఉంచింది, తిరుమల దర్శనం టోకెన్ల పక్కన. మైదానంలోకి మాత్రమే ప్రవేశమిచ్చే టికెట్టు దొరికింది. ఆ వారం విడవకుండా వాన. ఆట చూసింది రెండు గంటలు కూడా ఉండదు. మిగిలిన సమయమంతా కోర్టు మీద కప్పిన టార్పాలిన్‌ను చూశాను. అదీ వృథా కాలేదు. చినుకు పడగానే పిల్లలు పరుగున వచ్చి పట్టా లాగడం, వాన వెలిశాక దాని మీద నీళ్లు కోర్టులోకి జారకుండా మడతలు పెట్టి తీయడం చూస్తుంటే, కళ్లంలో వడ్లు తడవకుండా పరుగెత్తే మనవాళ్లే గుర్తొచ్చారు.

ఆ ఏడాది వాన వల్లే నడిమి ఆదివారం కూడా ఆడించారు. వింబుల్డన్ చరిత్రలో అలా ఆడించడం అది నాలుగోసారి మాత్రమే. 1991, 1997, 2004 తర్వాత 2016. మిగతా అన్ని ఏళ్లూ మొదటి వారం అయ్యాక ఆదివారం సెలవే. ఆ సెలవు గడ్డికి. ఆ రోజు కోర్టులకు నీళ్లు పట్టి, ఊపిరి తీసుకోనిచ్చేవారు. 2022 నుంచి ఆ సెలవు ఎత్తేసి పద్నాలుగు రోజులూ ఆడిస్తున్నారు. గడ్డి పెంపకంలో వచ్చిన మెరుగుదల వల్ల ఇప్పుడు సెలవు అవసరం లేదన్నారు. వృక్షశాస్త్రం చదివినవాడిగా ఆ మాట ఒప్పుకుంటాను. అభిమానిగా మాత్రం ఆ ఆదివారం పోయినందుకు విచారిస్తాను. 2025లో తొలిరోజే లండన్‌లో ఎండ 32 డిగ్రీలు దాటింది. టోర్నీ తొలిరోజుల్లో అదే రికార్డు. చలిదేశపు గడ్డికి అలాంటి ఎండలో విశ్రాంతి లేకుండా చేయడం నాకు నచ్చదు.

హాలె నేను చూడలేదు. అక్కడి స్టేడియానికి కదిలే పైకప్పు ఉంది. 1993లో మొదలైన టోర్నీ కాబట్టి వీటి మధ్య అది చిన్నపిల్ల. ఫెదరర్ పదిసార్లు గెలిచాడు, అతని పేరు ఒక వీధికి పెట్టుకున్నారు. వింబుల్డన్ సెంటర్ కోర్టుకు పైకప్పు వచ్చింది 2009లో, ఒకటో నంబరు కోర్టుకు 2019లో. కప్పు మూసిన కోర్టులో ఒక ఇబ్బంది ఉంది. లోపల తేమ పట్టి గడ్డి జారుతుంది. 2021లో కప్పు కింద ఆడుతూ ఫ్రాన్స్ ఆటగాడు మన్నారినో, సెరెనా విలియమ్స్ ఒకే రోజు జారి, గాయపడి ఆట మధ్యలో తప్పుకున్నారు. సెరెనా కన్నీళ్లతో బయటికి నడవడం టీవీలో చూశాను. ఆ కోర్టులో తొలి రెండు రోజుల పచ్చి గడ్డి ఎంత ప్రమాదమో ఆ రోజు తెలిసింది.

ఏది మేలు అంటారా? కొత్తగా చూడబోయేవారికి నేను ఈస్ట్‌బోర్న్ చెబుతాను. క్వీన్స్ లోపలికి నేను అడుగుపెట్టలేదు, గేటు బయటి నుంచి ప్రకటన బోర్డు చూసి వచ్చాను. 1890 నుంచి అక్కడ టోర్నీ నడుస్తోంది. ఆండీ ముర్రే ఐదుసార్లు గెలిచాడు. తీర్పు చెప్పడానికి అంతకన్నా నాకు అర్హత లేదు.

ప్రశ్న: సార్, మన తిరుపతిలో గడ్డి కోర్టు వేయవచ్చా? – తొమ్మిదో తరగతి విద్యార్థి, పుత్తూరు

వేశాం నాయనా. 1988లో.

మా కళాశాల హాస్టల్ వెనుక వాడకుండా పడి ఉన్న వాలీబాల్ స్థలం ఒకటి ఉండేది. నేను, వ్యాయామ అధ్యాపకుడు, రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడు, తోటమాలి నలుగురం పూనుకున్నాం. ఇక్కడ పైన ఉన్నది ఎర్రగరప నేల, నీరు నిలవదు. గడ్డి కోర్టుకు కాస్త బంకమట్టి కావాలి. అందుకని ఎండిన చెరువు నుంచి ఒండ్రు మట్టి ట్రాక్టర్లతో తోలించి, అర అడుగు మందాన పరిచి, రోడ్డు పనుల దగ్గర అడిగి తెచ్చిన ఇనుప రోలరుతో తొక్కించాం. గరికను కాలవ గట్ల మీది నుంచి తెచ్చాం. వినాయక చవితికి వాడే గరికే అది. కణుపులు తుంచి జానెడు ఎడంగా నాటాం. అక్టోబరులో మొదలుపెట్టాం, ఎందుకంటే మనకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే కదా.

సంక్రాంతికి కోర్టు పచ్చబడింది. సున్నంతో గీతలు వేసి ఫిబ్రవరిలో తొలి ఆట ఆడాం. ఆ ఉదయం శేషాచలం కొండల మీద మంచు ఇంకా దిగలేదు. గడ్డి తడికి బంతి బరువెక్కి, పచ్చ మరకలతో తిరిగి వచ్చేది. మా మిత్రుడికి ఒక కొలత పిచ్చి ఉండేది. నిబంధన ప్రకారం బంతిని వంద అంగుళాల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే 53 నుంచి 58 అంగుళాలు లేవాలి. నిచ్చెన వేసి, కర్రకు టేపు కట్టి మా కోర్టులో వదిలి చూశాడు. నలభై దాటలేదు. పది చోట్ల వదిలాడు, పది రకాలుగా లేచింది. అతను కాగితం మీద రాసుకుంటూ ఉంటే నేను నిచ్చెన పట్టుకున్నాను. గడ్డి కోర్టు ఆట ఎందుకు వేరో నాకు నిజంగా అర్థమైంది ఆ నిచ్చెన దగ్గరే.

మా శత్రువులు ఇద్దరు. మొదటిది తుంగ. దాని గడ్డలు నేలలో జానెడు లోతున ఉంటాయి, పైన పీకితే కింద నుంచి మళ్లీ వస్తుంది. సాయంత్రం విద్యార్థులతో కలిసి వరసగా కూర్చుని పాత స్క్రూడ్రైవర్లతో తవ్వి తీసేవాళ్లం. రెండోది నీరు. ఒక లెక్క చెబుతాను, నువ్వూ వేసి చూడు. చుట్టూ పరుగెత్తే చోటుతో కలిపి కోర్టు 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు. దాని మీద ఒక్క అంగుళం నీరు నిలపాలంటే దాదాపు 17,000 లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకరుతో మూడు విడతలు తోలినా ఇంకా చాలదు. ఏప్రిల్‌లో హాస్టల్ బోరే గంటకొకసారి గాలి కక్కుతుంటే కోర్టుకు నీళ్లు అడగడానికి మాకు నోరు రాలేదు.

మేలో ఒండ్రు మట్టి నెర్రెలిచ్చింది. నా చూపుడు వేలు దూరేంత పగుళ్లు. గరిక ఎండి చాప రంగుకు మారింది. గరిక చావలేదు, తొలకరికి మళ్లీ చిగురించింది. కానీ కోర్టు చదును పోయింది. మరుసటి ఏడాది యాజమాన్యం అక్కడ సిమెంటు వేయించింది. ఆ సిమెంటు మీద నేను పన్నెండేళ్లు ఆడాను, దానితో నాకు పేచీ లేదు.

అయితే నేను నేర్చుకున్నది ఇది. ఇక్కడ గడ్డి కోర్టు కుదరదని కాదు. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి చివరి దాకా కుదురుతుంది. మన గడ్డికి అదే కాలం. అందుకే మన దేశంలో గడ్డి మీద జరిగే డేవిస్ కప్ (దేశాల జట్ల మధ్య) పోటీలు కూడా చలికాలం పరిసరాల్లోనే వస్తాయి. 2019 ఫిబ్రవరిలో కోల్‌కతా సౌత్ క్లబ్‌లో ఇటలీతో ఆడాం, 2022 మార్చిలో ఢిల్లీ జింఖానా క్లబ్‌లో డెన్మార్క్‌తో ఆడాం. మొదటిది 3–1తో ఓడాం, రెండోది 4–0తో గెలిచాం. వింబుల్డన్ వాళ్లకు జూన్ ఎలాగో మనకు పుష్యమాఘాలు అలాగ. మీ బడిలో స్థలం ఉంటే మొత్తం కోర్టు వద్దు, నెట్టుకు ఒక పక్క సర్వీసు గడి మాత్రం అక్టోబరులో నాటి చూడు. రోజూ ఏమైందో పుస్తకంలో రాసుకో. ఉగాదికి నాకు ఉత్తరం రాయి.

ప్రశ్న: వింబుల్డన్ తర్వాత అమెరికాలో న్యూపోర్ట్ అని గడ్డి టోర్నీ ఉండేది. మన విజయ్ అమృతరాజ్ అక్కడ గెలిచిన వార్త మా నాన్నగారు మద్రాసు నుంచి వచ్చే పేపర్లో కత్తిరించి ఉంచారు. ఇప్పుడు ఆ పేరు వినపడదు. ఏమైంది? – వ్యాపారి, రేణిగుంట

ఆ కత్తిరింపు జాగ్రత్తగా దాచుకోండి. విజయ్ అక్కడ 1976, 1980, 1984లో మూడుసార్లు గెలిచారు. 1998లో లియాండర్ పేస్ గెలిచారు, ఆయన జీవితంలో ఏటీపీ సింగిల్స్ టైటిల్ అదొక్కటే. 1881 నుంచి 1914 వరకు అమెరికా జాతీయ పోటీలు జరిగింది కూడా ఆ న్యూపోర్ట్ క్యాసినో గడ్డి మీదే. పేరు చూసి జూదశాల అనుకోకండి, అది చెక్కతో కట్టిన పాత క్లబ్బు. ఇప్పుడు టెన్నిస్ కీర్తిమందిరం అక్కడే ఉంది.

2024 దాకా అది 250 స్థాయిలో నడిచింది. 2025లో దాని కింది మెట్టయిన ఛాలెంజర్ స్థాయికి దిగింది, దాంతోపాటు మహిళలకూ 125 స్థాయి టోర్నీ పెట్టారు. కారణం క్యాలెండర్‌లో దాని చోటే. వింబుల్డన్ అయిపోయాక మేటి ఆటగాళ్లు విశ్రాంతికో, మట్టి మీదికో, హార్డ్ కోర్టుల మీదికో పోతారు. ఒక్క వారం గడ్డి కోసం అట్లాంటిక్ దాటి వచ్చేవారు తగ్గారు. కానీ సరిగ్గా ఆ ఖాళీ వల్లే మన విజయ్, పేస్ లాంటి వాళ్లకు, సర్వీసు చేసి నెట్టుకు దూసుకెళ్లేవాళ్లకు, అక్కడ దారి దొరికింది. మేటి పదిమందీ వచ్చే వారంలో ఆ దారి దొరకదు. యూరప్‌లో జూన్ నెలంతా వారానికి రెండు మూడు గడ్డి టోర్నీలు కిక్కిరిసి ఉండగా, సముద్రం అవతల ఉన్న ఆ ఒక్కదాన్ని పాత స్థాయిలోనే ఉంచవలసింది. ఇది నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మా చిన్నతనంలో ఆస్ట్రేలియా, అమెరికా పోటీలు కూడా పచ్చిక మీదే. ఎప్పుడు మానారు? – విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

అయ్యా, అమెరికాలో 1974 దాకా. తర్వాత మూడేళ్లు మట్టి, 1978 నుంచి హార్డ్ కోర్టు. ఆస్ట్రేలియాలో 1987 జనవరి టోర్నీ చివరిది, మెల్‌బోర్న్‌లోని కూయాంగ్‌లో. దాని ముందుది 1985 డిసెంబరులో జరిగింది. డిసెంబరు నుంచి జనవరికి జరిపేటప్పుడు 1986 అనే ఏడాదికి టోర్నీయే లేకుండా పోయింది. అటూ ఇటూ మగవారిలో గెలిచింది స్వీడన్ ఆటగాడు ఎడ్‌బర్గే. మన రామనాథన్ కృష్ణన్, జైదీప్ ముఖర్జీ 1966 డేవిస్ కప్ ఫైనల్లో ఆస్ట్రేలియా వారి న్యూకోంబ్, రోచ్ జంటను ఓడించింది కూడా ఆ కూయాంగ్ గడ్డి మీదే. అంతకుముందు కోల్‌కతా సౌత్ క్లబ్‌లో బ్రెజిల్ ఆటగాడు కోచ్ మీద కృష్ణన్ నాలుగో సెట్‌లో 2–5 నుంచి లేచి గెలిచిన సంగతి మీకు నేను చెప్పాలా?

ప్రశ్న: మా బాబుకు పదకొండేళ్లు. సింథటిక్ కోర్టులో నేర్చుకుంటున్నాడు. గడ్డి మీద ఆడకపోతే వెనకబడతాడా? ఏం చేయించమంటారు? – తల్లి, మదనపల్లె

వెనకబడడమ్మా. ఇప్పుడు పెద్ద ఆటగాళ్లలో ఎక్కువమంది ఏడాదికి ఐదారు వారాలే గడ్డి మీద అడుగుపెడతారు. పిల్లవాడు నేర్చుకోవలసింది ఒక్కటి, వంగడం. గడ్డి మీద బంతి మోకాలి కింద వస్తుంది, నిలువుగా నిలబడి కొట్టేవాడు అక్కడ ఓడిపోతాడు. ప్రాక్టీసు అయ్యాక బంతులు ఏరేటప్పుడు నడుము వంచకుండా, మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి ఏరమనండి. రోజుకు అరవై బంతులు. రాకెట్‌తో బంతిని బూటుకు అదిమి ఎత్తే అలవాటు మానిపించండి. మీ ఊరు మా తిరుపతి కన్నా చల్లగా ఉంటుంది. ఇంటి వెనుక గరిక ఉంటే చలికాలం పొద్దున్నే చెప్పుల్లేకుండా దాని మీద పొట్టి అడుగులతో అటూ ఇటూ పరుగెత్తించండి. మంచు తడి ఉన్నప్పుడు మాత్రం వద్దు, కాలు జారుతుంది. ఎనిమిది గంటల ఎండ పడ్డాక పంపండి.